తేదీ లేని బ్యాండ్లు

బెజవాడలో ఒకప్పుడు రాక్ బ్యాండ్‌లో వాయించినవాళ్ళని ఎవరినైనా కదిపి చూడండి. ఎందుకు ఆపేశారంటే అందరిదీ ఒకటే సమాధానం. ఉద్యోగాలొచ్చాయి, పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, ఇంకెక్కడ టైమ్. నలభై దాటిన గిటారిస్టులూ డ్రమ్మర్లూ ఈ మాట ఎంత అలవాటుగా చెప్తారంటే, వినేవాళ్ళు ఇంకో ప్రశ్న కూడా వెయ్యరు. నేనూ ఆ బాపతే. బేస్ గిటార్ వాయించేవాణ్ణి, ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాను. కానీ ఈ సమాధానం నాకు ఏనాడూ మింగుడుపడలేదు. ఎందుకంటే ఇదే ఊళ్ళో ఇలాంటి ఉద్యోగాలే చేసుకుంటూ, ఇలాగే పిల్లల ఫీజులు కట్టుకుంటూ, దశాబ్దాలుగా పాడటం, వాయించడం, వేషం కట్టడం ఆపనివాళ్ళు నాకు బోలెడుమంది తెలుసు. వాళ్ళెవరూ రాక్ జోలికి రాలేదు, అంతే తేడా.

మా బ్రాంచిలో క్యాష్ కౌంటర్లో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. నాటకాల మనిషి. పరిషత్తు పోటీలు దగ్గర పడ్డాయంటే సాయంత్రం క్యాష్ లెక్క తేలగానే సంచీ భుజాన వేసుకుని రిహార్సల్‌కి వెళ్ళిపోయేవారు. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో తెనాలిలో పుట్టింది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో గుమాస్తాలు, మాస్టర్లు, రైల్వేవాళ్ళు పగలు ఉద్యోగం చేసుకుని రాత్రి స్టేజి ఎక్కడం తరాలుగా మామూలు విషయం. గాంధీనగర్ హనుమంతరాయ గ్రంథాలయం హాలు, తుమ్మలపల్లి కళాక్షేత్రం, గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరం, ఎక్కడ పోటీ పెడితే అక్కడ ఆయన ఉండేవారు. పోటీ తేదీ రెండు నెలల ముందే కరపత్రంలో వచ్చేస్తుంది కాబట్టి ఇంట్లో ఆడవాళ్ళకీ తెలుసు, మా మేనేజర్‌కీ తెలుసు, ఆ వారం ఆయన సెలవు ఎవరూ కాదనేవారు కాదు.

ఇంకొకావిడ లెక్చరర్, వీణ వాయిస్తారు. విజయవాడ రేడియో స్టేషన్ 1948 డిసెంబరు 1న మొదలైంది, అప్పటి నుంచీ ఈ ఊళ్ళో సంగీతం తెలిసినవాళ్ళకి అదొక పెద్ద దిక్కు. ఆడిషన్ పాసైతే బి, బి హై, ఎ, టాప్ అని గ్రేడ్లు ఇస్తారు. ఆవిడది బి హై. ఏడాదిలో కొన్నిసార్లు స్టేషన్ నుంచి ఫలానా రోజు రికార్డింగ్ అని కాగితం వస్తుంది, ఆ కాగితం వచ్చిన సాయంత్రం నుంచి ఇంట్లో సాధన జోరందుకుంటుంది. అది కాకుండా పుష్య బహుళ పంచమి ఉండనే ఉంది. త్యాగరాజ ఆరాధన రోజున పంచరత్న కీర్తనలు అయిదూ అందరూ కూర్చుని పాడతారు, అందులో విద్వాంసులుంటారు, ఎప్పుడో చిన్నప్పుడు నేర్చుకుని మళ్ళీ ఆ ఒక్క రోజే గొంతు విప్పే గృహిణులూ ఉంటారు. నీ గ్రేడ్ ఎంత, నువ్వు ఎక్కడిదాకా వచ్చావు అని అక్కడ ఎవరూ అడగరు.

ఇక చర్చి. బయటివాళ్ళకి అంతగా తెలియదు గానీ, విజయవాడ గుంటూరుల్లో డ్రమ్స్, కీబోర్డు, బేస్ చెయ్యి తిరిగినట్టు వాయించే కుర్రాళ్ళలో చాలామంది చర్చిలో నేర్చుకున్నవాళ్ళే. ఆదివారం ఆరాధన వానొచ్చినా ఉంటుంది, పరీక్షలున్నా ఉంటుంది. ఆదివారం వాయించాలంటే శనివారం ప్రాక్టీసు పెట్టుకోవాలి. క్రిస్మస్ నెలైతే రోజూ పాటలే. ఇలా పదేళ్ళు గడిచాక ఆ పిల్లవాడు మంచి వాయిద్యకారుడు కాక ఏమవుతాడు? మా డ్రమ్మర్ అలా తయారైనవాడే, గుంటూరులో లూథరన్ చర్చిలో పెరిగాడు. మా కీబోర్డు వాయించేవాడేమో ఆర్కెస్ట్రాలోంచి వచ్చాడు. వాళ్ళకి వినాయక చవితి పందిళ్ళు, దసరా తొమ్మిది రాత్రులు, శ్రీరామనవమి, మధ్యలో పెళ్ళి ముహూర్తాలు. మూఢం వచ్చిందంటే ఆర్కెస్ట్రావాళ్ళకి కాస్త ఖాళీ, మళ్ళీ ముహూర్తాలు మొదలైతే వాణ్ణి ఫోన్లో పట్టుకోవడమే కష్టం.

వీళ్ళందరికీ ఉండి మాకు లేనిదేంటి అని చాలా ఏళ్ళు ఆలోచించాను. ప్రతిభ అంటే ఒప్పుకోను, మా గిటారిస్టు లాంటి చెయ్యి నేను మళ్ళీ చూడలేదు. డబ్బు అన్నా ఒప్పుకోను, నాటకాలవాళ్ళకి చేతి చమురే వదులుతుంది. తీరిక లేదనేది అసలే కుదరదు. వాళ్ళకి తేదీ ఉంది. ఎవరో ఒకరు ఎదురుచూసే తేదీ. తేదీ ఉంటే రిహార్సల్ ఉంటుంది, రిహార్సల్ ఉంటే నలుగురూ కలుస్తారు, కలుస్తుంటే మనస్పర్థలొచ్చినా సర్దుకుంటాయి. తేదీ లేని బృందం ఏదైనా, ఎంత గొప్పదైనా, ఒక ఏడాదిలో విడిపోతుంది. నా వాదన మొత్తం ఇదే.

మా రాక్ బ్యాండ్లకి ఉన్న తేదీ ఒక్కటే, కాలేజీ ఫెస్ట్. ఫిబ్రవరిలోనో మార్చిలోనో, ఏడాదికి ఒకసారి. కానూరు నుంచి గుంటూరు దాకా ఇంజనీరింగ్ కాలేజీలు వరసగా వచ్చిన రోజుల్లో, అంటే 2000 చుట్టుపక్కల, ప్రతి కాలేజీలో ఒకటో రెండో బ్యాండ్లు పుట్టాయి. మొదటి ఏడాది ఒకరినొకరు వెతుక్కోవడం, రెండో ఏడాది నేర్చుకోవడం, మూడో ఏడాదికి చెవికి ఇంపుగా వాయించడం, నాలుగో ఏడాది ప్లేస్‌మెంట్లు. ఏ బ్యాండైనా సరిగ్గా కుదురుకునే సమయానికి సర్టిఫికెట్లు చేతిలో పెట్టి పంపించేస్తారు. ఇరవై రెండేళ్ళకి మనిషి ఆ క్యాలెండర్లోంచి బయటికి వచ్చేస్తాడు, బయట ఇంకో క్యాలెండర్ ఉండదు. దీన్ని మేం "జీవితంలో బిజీ అయిపోయాం" అని చెప్పుకుంటూ వచ్చాం.

అసలు అప్పుడు ఏం వాయించేవాళ్ళం, ఎలా వాయించేవాళ్ళం అనేది కొంచెం చెప్పాలి, లేకపోతే ఇదంతా గాల్లో మాటల్లా ఉంటుంది. గిటార్ అంటే కలకత్తా గివ్‌సన్. ఏలూరు రోడ్డులో దొరికేది. బేస్ గిటార్ అడిగితే షాపులో "నాలుగు తీగలే ఉంటాయి, అదెందుకు బాబూ" అనేవారు. నేను మా నాన్నని ఒప్పించి, పొద్దున్నే పినాకిని ఎక్కి మద్రాసు వెళ్ళి, మౌంట్ రోడ్డులో మ్యూజీ మ్యూజికల్‌లో కొనుక్కున్నాను. 1842 నుంచి ఉన్న షాపు అది. తిరుగు రైల్లో దాన్ని పై బెర్తు మీద పడుకోబెట్టి నేను కింద కూర్చుని వచ్చాను. పాటలు నేర్చుకోవడం నెట్ సెంటర్లో, గంట లెక్కన డబ్బులు కట్టి. ట్యాబ్‌లు, అంటే ఏ తీగని ఎక్కడ నొక్కాలో అంకెల్లో చూపించే కాగితాలు, ప్రింటు తీసుకుంటే పేజీకి వేరే డబ్బులు, అందుకని చేత్తో కాపీ చేసుకునేవాళ్ళం, తీగకి ఒక గీత చొప్పున ఆరు గీతలు గీసి, మీద అంకెలు.

రిహార్సల్ పటమటలో గిటారిస్టు వాళ్ళ మేడ మీద గదిలో. గోడలకి గుడ్ల అట్టలు అంటించేవాళ్ళం, అప్పట్లో ప్రతి బ్యాండూ అదే చేసేది. అట్టలు గది లోపల మోగే గోలని కొంచెం తగ్గిస్తాయి తప్ప బయటికి పోయే చప్పుడుని ఆపవు. చప్పుడుని ఆపేది బరువు, అంటే మందపాటి గోడ, సందులేని తలుపు. ముఖ్యంగా బేస్ గిటారూ, కాలితో వాయించే కిక్ డ్రమ్మూ అట్టల్ని లెక్కచెయ్యవు. కేంద్రప్రభుత్వం 2000లో తెచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. డ్రమ్స్ పక్కన నిలబడితే నూరు దాటుతుంది. కాబట్టి పక్కింటి బాబాయిగారి కోపంలో న్యాయం ఉంది. ఆయన పైకి వచ్చి అరిచినా, మోటార్‌సైకిల్ అడ్డం పెట్టి మా దారి ఆపినా మేం నోరెత్తలేదు. ఆంటీ, అంటే గిటారిస్టు వాళ్ళమ్మగారు, ఆయనకి ఏం చెప్పారో గానీ చివరికి సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా ఆయన వాకింగ్‌కి వెళ్ళే వేళలో వాయించుకోమని ఒప్పందం కుదిరింది. ఊళ్ళో రాక్ సంగీతానికి జరిగిన పెద్ద సాయాల్లో ఇదొకటని నేను మనస్ఫూర్తిగా అంటాను. ఆంటీ మా పాటలు ఒక్కటీ పూర్తిగా వినలేదు. ప్రతి రిహార్సల్‌కీ టీ మాత్రం పంపించారు.

షోలకి వెళ్తే ఇంకో సమస్య, కరెంటు. ఒక ఫంక్షన్ హాల్లో కాలేజీవాళ్ళ కార్యక్రమం. సౌండ్ చెక్ జరుగుతోంది. మా గిటారిస్టు వాయిస్తూ పాడేవాడు, మైకు దగ్గరికి నోరు పెట్టాడో లేదో ఒక్కసారి వెనక్కి ఎగిరి డ్రమ్స్ మీద పడ్డాడు. పెదవి మీద తెల్లగా మచ్చ తేలింది. సౌండ్ సిస్టమ్ అన్న "కొంచెం తడి ఉన్నట్టుంది, ఏం కాదు" అన్నాడు. అయ్యేదే. ఎలక్ట్రిక్ గిటార్ తీగలు, వాటిని పట్టి ఉంచే లోహపు బ్రిడ్జి గుండా యాంప్లిఫయర్ బాడీకి కలిసి ఉంటాయి. యాంప్ ఒక మూల ప్లగ్గులో, మైకు మిక్సర్ హాలు అవతల ఇంకో ప్లగ్గులో పెట్టి, వాటిలో ఏ ఒక్కదానికి ఎర్త్ లేకపోయినా, తీగల మీద చెయ్యీ మైకు మీద పెదవీ ఉన్న మనిషి ఒళ్ళే కరెంటుకి దారి అవుతుంది. 1972లో వేల్స్‌లోని స్వాన్‌సీలో స్టోన్ ద క్రోస్ బ్యాండ్ గిటారిస్టు లెస్ హార్వే స్టేజి మీద ఇలాగే, ఎర్త్ సరిగా లేని మైకు ముట్టుకుని చనిపోయాడు. ఆ తర్వాత నేను టెస్టరు, మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సు లేకుండా ఇల్లు కదల్లేదు. యాంప్‌లు, మిక్సర్, కీబోర్డు అన్నీ ఒకే బోర్డు నుంచి రావాలి, ఆ బోర్డుకి ఎర్త్ ఉండాలి, మైకుకి స్పాంజి తొడుగు ఉండాలి. ఇప్పటి పిల్లలకి వేరే ఏం చెప్పినా చెప్పకపోయినా ఇది చెప్తాను.

ఇంగ్లీషు పాటలు వాయించినందుకు మమ్మల్ని తప్పుపట్టేవాళ్ళున్నారు. అది అన్యాయం. వీణ నేర్చుకునేవాళ్ళు ముందు ఎవరో రాసిన కీర్తనలే వాయిస్తారు. అమెరికా రాక్ బ్యాండ్ మెటాలికా పాటల్ని నోట్ తప్పకుండా వాయించడానికి పడ్డ కష్టమే మా చేతులకి చదువు. అయితే తెలుగులో సొంత పాట చెయ్యాలన్న కోరిక మాత్రం అందరికీ ఉండేది, అక్కడే అసలు సంగతి తెలిసొచ్చింది.

రైవస్ కాలవ పక్కన మా గాయని వాళ్ళ ఇల్లు. వేసవిలో కరెంటు కోత మీద ఒక పాట రాసింది. "కాలవగట్టున కరెంటు పోయింది" అని మొదటి లైను. మేం దాన్ని ఇంగ్లీషు పాటల పద్ధతిలో నిదానంగా సాగదీసి పాడించాం, అస్సలు కుదరలేదు. పాట వింటుంటే ఎవరో మాటల్ని విరగ్గొడుతున్నట్టు ఉండేది. రాక్‌లో నాలుగు దెబ్బల ఆవర్తంలో రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద స్నేర్, అంటే కర్రలతో కొట్టే చిన్న డ్రమ్ము, గట్టిగా పడుతుంది. మేం సాగదీసిన లెక్కలో ఆ స్నేర్ "ల" మీద, "టు" మీద పడుతోంది. రెండూ లఘువులు, అంటే పొట్టి అక్షరాలు. బరువు మోయలేని అక్షరాల మీద బరువు పెడుతున్నాం. ఇది కనిపెట్టింది మా డ్రమ్మర్. వాళ్ళ చర్చిలో పాడే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి పాట మీదా రాగం, తాళం వేసి ఉంటుంది. చిన్నప్పటి నుంచి తాళం వేస్తూ తెలుగు పాడినవాడు కాబట్టి వాడి చెవికి ఇబ్బంది ముందు తెలిసింది. "మావా, దెబ్బకి నాలుగు మాత్రలు పెట్టి చూద్దాం" అన్నాడు. లఘువుకి ఒక మాత్ర, పొడుగు అక్షరమైన గురువుకి రెండు లెక్కన కాలవ, గట్టున, కరెంటు, ఒక్కోటీ నాలుగేసి మాత్రలు, ఒక్కో దెబ్బకి ఒక్కోటి. ఇప్పుడు రెండో దెబ్బ స్నేర్ సరిగ్గా "గట్" మీద పడింది, నాలుగోది "పో" మీద. మూడో దెబ్బ దగ్గర "క" చిన్నగా తగిలి "రెం" దగ్గర మాట ముందుకి దూకింది. ఆ గదిలో మేమందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అదే పాట, అవే మాటలు, ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. నేను బేస్‌లో ఆ దూకుడుని పట్టుకుని కిందనుంచి నడిపించాను.

తెలుగులో రాక్ పలకదు అనేవాళ్ళకి నేను ఇదే చెప్తాను. పలుకుతుంది. గురువు ఎక్కడుందో చూసి దెబ్బ అక్కడ వెయ్యాలి, అంతే. మలయాళీలు అవియల్ బ్యాండ్‌తో 2008లో తమ భాషలో పూర్తి ఆల్బమ్ తెచ్చి చూపించారు, ఢిల్లీలో ఇండియన్ ఓషన్ 1990 నుంచీ మన సంగీతాన్నీ రాక్‌నీ కలిపి వాయిస్తూనే ఉంది. మన దగ్గర ఛందస్సుకి కొరత లేదు, డప్పు దరువుకి కొరత లేదు. అయిదారు పాటలు ఆ పద్ధతిలో కట్టి, జనం ముందు నెలనెలా వాయించి, ఏది కుదిరింది ఏది కుదరలేదు తేల్చుకునే అవకాశం మాకు వచ్చి ఉంటే ఇంకో దారిలో ఉండేవాళ్ళం. పాట గదిలో పుడుతుంది గానీ పెరిగేది జనం మధ్యే. మా పాట ఫెస్ట్‌లో ఒక్కసారి వాయించాం. మా ముందు డాన్సులు ఆలస్యమై, మాకిచ్చిన సమయం సగానికి సగం కోసేశారు, పాట రెండో చరణంలో ఉండగా స్టేజి మీద లైట్లు ఆర్పారు. ఆ కాలేజీ పేరు ఇప్పుడు అనవసరం. ఆ పాటకి మళ్ళీ వేదిక లేకపోవడమే నాకు ఈ రోజుకీ బాధ.

మా గాయని సంగతి వేరేగా చెప్పాలి. మగపిల్లలకి నాలుగేళ్ళ క్యాలెండర్ ఉంటే ఆ అమ్మాయికి అందులో సగమే ఉంది. సాయంత్రం ఏడింటికి ఇంట్లో ఉండాలి, వేరే ఊళ్ళో షో అంటే వాళ్ళ అన్నయ్య తోడు రావాలి. గొంతు మాత్రం అద్భుతం, కింది స్థాయిలో గరుకుగా మొదలై పైకి వెళ్ళేకొద్దీ తేరుకునేది. ఈ మధ్య కలిస్తే తెలిసింది, వాళ్ళ కాలనీలో ధనుర్మాసం నెలంతా తెల్లవారుజామున తిరుప్పావై గోష్ఠి నడుపుతోందట. ముప్ఫై పాశురాలు, రోజుకొకటి. ఇరవైమంది ఆడవాళ్ళకి తనే నేర్పింది. చూడండి, ఆవిడ పాడటం ఆపలేదు. తేదీ ఉన్నచోటికి వెళ్ళి పాడుతోంది. పెళ్ళి, పిల్లలు, అత్తగారిల్లు అన్నీ ఆవిడకీ ఉన్నాయి, మాకంటే ఎక్కువ బాధ్యతలే ఉన్నాయి.

మేం విడిపోయాక అందరం ఒకసారి కలిశాం. 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా. రెండు రోజుల ముందు గుర్‌గావ్‌లో జరగాల్సిన షో రద్దయింది, ఇక్కడ కూడా ఆగిపోతుందేమోనని అందరికీ టెన్షన్. ఆగలేదు. ఏ పాటలైతే పటమట మేడ మీద ముక్కముక్కలుగా నేర్చుకున్నామో ఆ పాటలు ఎదురుగా, వేలమంది మధ్య. మా డ్రమ్మర్ కళ్ళలో నీళ్ళు. రాత్రి మెజెస్టిక్ దగ్గర బస్సు కోసం నిలబడి గొంతులు పోయినా మాట్లాడుకుంటూనే ఉన్నాం. "సంక్రాంతికి అందరం ఊరొస్తాం కదా మావా, ఒక రోజు కూర్చుందాం." "కూర్చుందాం రా." సంక్రాంతి వచ్చింది, అందరం ఊళ్ళోనే ఉన్నాం, కూర్చోలేదు. ఆ తర్వాత సంక్రాంతులకీ ఇదే మాట, ఇదే తీరు. ఒక్కరికి కూడా మనసు లేకపోవడం కాదు. ఒక రోజు అన్నాం గానీ ఏ రోజో చెప్పలేదు, మమ్మల్ని వినడానికి ఎవరూ ఎదురుచూడటం లేదు.

మేఘాలయలో షిల్లాంగ్ ఉంది. మన గుంటూరు కంటే చిన్న ఊరు. అక్కడ లూ మజావ్ అనే గాయకుడు 1972 నుంచీ మే 24న అమెరికా గాయకుడు బాబ్ డిలన్ పుట్టినరోజు కచేరీ చేస్తూ వస్తున్నాడు. ఒక మనిషి, ఒక తేదీ. దాని చుట్టూ ఊళ్ళో కుర్రాళ్ళు గిటార్లు పట్టుకుని పెరిగారు. షిల్లాంగ్‌ని దేశమంతా రాక్ ఊరు అంటుంది. వాళ్ళ రక్తంలో ఉందండీ అంటారు కొందరు. నాకు నమ్మకం లేదు. తెనాలివాళ్ళ రక్తంలో నాటకం ఉందా? పోటీలు పెట్టారు, జనం వచ్చారు, పిల్లలు చూశారు, వేషాలు కట్టారు.

మనమూ రాక్‌కి అలా ఒక తేదీ పెడదామంటే, జనం వస్తారా అనేది మొదటి అనుమానం. అందరూ రారు, యాభైమంది వస్తారు. చాలు. పరిషత్తు నాటకాలకి హాలు నిండని రోజులు నేను చూశాను, పోటీ ఆగలేదు. రెండోది, సినిమా ప్రశ్న. మన దగ్గర సంగీతం అనగానే సినిమాలో ఛాన్స్ వచ్చిందా అని అడుగుతారు, రాకపోతే ఆ మనిషి వాయించిందంతా వృథా కింద లెక్క. సినిమా పాట గొప్పది, కాదనను. కానీ ఒక ఊళ్ళో పుట్టి, ఆ ఊరి కాలవ గురించి, ఆ ఊరి ఎండ గురించి పాడుకుని, ఆ ఊళ్ళోనే ముగిసే సంగీతానికి కూడా విలువ ఉంది. ఔత్సాహిక నటుడు అనే మాటలో మనకి గౌరవం వినిపిస్తుంది. ఔత్సాహిక గిటారిస్టుకి అదే గౌరవం ఎందుకు ఇవ్వం? అతను ఎక్కడికో చేరలేక ఆగిపోయినవాడు కాదు, ఇక్కడ వాయించడానికే వాయించినవాడు.

మూడోది వయసు. నలభై అయిదేళ్ళకి రాక్ ఏంటి అంటారు. ఆ పాటలు మాకు నేర్పిన బ్యాండ్లలో వాళ్ళు అరవై దాటి కూడా వాయిస్తున్నారు. వయసుతో వచ్చే అసలు సమస్య చెవి, దాని గురించి మనవాళ్ళు మాట్లాడరు. 85 డెసిబెల్స్ చప్పుడుని రోజుకి ఎనిమిది గంటలు వినొచ్చు, ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కి ఆ సమయం సగం అవుతుందని అమెరికాలో వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. అంటే నూరు డెసిబెల్స్ దగ్గర పావుగంటే. మా డ్రమ్మర్‌కి ఇప్పటికే రాత్రుళ్ళు చెవిలో సన్నగా ఈల మోగుతుంది, ఫ్యాన్ వేసుకుంటే తప్ప నిద్ర పట్టదంటాడు. మెడికల్ షాపులో స్పాంజి ఇయర్‌ప్లగ్‌లు దొరుకుతాయి, ఇరవై ఏళ్ళ పిల్లలైనా పెట్టుకుని వాయించండి. చప్పుడు తగ్గించి వాయిస్తే రాక్ కాకుండా పోదు. పైగా ఒకరి వాయింపు ఒకరికి వినిపిస్తుంది, నా అనుభవంలో సగం బ్యాండ్లు బాగుపడేది అక్కడే.

అందుకని మేం కొందరం కలిసి ఒక తేదీ పెట్టాం. ప్రతి నెలా రెండో శనివారం. 2015 సెప్టెంబరు నుంచి బ్యాంకులకి రెండో, నాలుగో శనివారాలు సెలవు, సాఫ్ట్‌వేర్‌వాళ్ళకి ఎలాగూ సెలవే, హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటారు. మొగల్రాజపురంలో ఒక డాన్స్ స్కూల్ పై అంతస్తు, కింద అద్దాల గదిలో పిల్లల క్లాసులు అయిపోయాక సాయంత్రం ఆరున్నరకి మొదలు, తొమ్మిదిన్నరకి ఆపేయాలి. పదింటి తర్వాత లౌడ్‌స్పీకర్ వద్దని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది, ఆ నియమం మంచిదే. ఒక్కో బ్యాండ్‌కి అరగంట. ఎవరి పాటలైనా వాయించుకోవచ్చు, కానీ తెలుగులో సొంత పాట ఒక్కటైనా ఉండాలి, సగం తయారైనదైనా సరే. ఆడవాళ్ళు పాడే, వాయించే బ్యాండ్లకి సమయం ముందుగా, వాళ్ళు కోరుకున్నదే ఇస్తాం. పోటీ లేదు, జడ్జిలు లేరు, టికెట్టు లేదు.

డ్రమ్మర్‌కి ఫోన్ చేసి విషయం చెప్పాను. ఇన్నేళ్ళుగా "చూద్దాం రా" అన్నవాడు ఈసారి ఆ మాట అనలేదు. "రెండో శనివారమా? అయితే స్నేర్ తోలు ఇప్పుడే మార్పించాలి. గుంటూరులో దొరకదు, అరండల్‌పేటలో ఆ షాపు ఎత్తేశారు" అన్నాడు. గాయనికి కూడా చెప్పాం, ధనుర్మాసం నెల తప్ప మిగతా నెలలు వస్తానంది, కాలవగట్టు పాటకి మూడో చరణం రాస్తోందట. కీబోర్డు వాడికి ముహూర్తాలు లేని శనివారాలే కుదురుతాయి, పంచాంగం చూసి చెప్తానన్నాడు. గిటారిస్టు అమెరికాలో ఉన్నాడు, వాడి స్థానం మాకు ఖాళీగా ఉంది, వాయించేవాళ్ళుంటే రండి.

డ్రమ్స్ అక్కడే ఉంటాయి, మైకులు నాలుగున్నాయి, ఎర్త్ నేనే స్వయంగా చూశాను, కొత్తగా గొయ్యి తవ్వి వేయించాం. బేస్ యాంప్ ఒక్కటి లేదు. ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే, పనిచేస్తుందో లేదో చూసుకోనక్కర్లేదు, దించి తీసుకురండి, ఇక్కడ బాగుచేయించుకుందాం.